పేరు చెప్పని ప్రార్థన అంశం

సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర పనిచేసేవాడికి మనుషుల మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? ఖాళీ లారీని ఒకసారి, లోడెక్కాక ఒకసారి తూచడమే నా ఉద్యోగం. డ్రైవరు నవ్వుతూ పలకరించాడంటే బండిని వెనక్కి తీయించి ఇంకోసారి తూస్తాను. ఎర్రగుంట్లలో మా చర్చికి నేను సంఘపెద్దను కూడా. "నీకు పోలీసు ఉద్యోగం రావల్సింది, తప్పిపోయి సంఘపెద్దవైనావు" అంటుంది నా భార్య.

మొన్న ఎండాకాలంలో ఒక లారీ డ్రైవరు మా చర్చికి రావడం మొదలుపెట్టాడు. నడివయసు మనిషి, మాట తక్కువ. పాటలు పుస్తకం చూడకుండా పాడతాడు, వాక్యం చెప్పేటప్పుడు కునుకు తీయడు. అదే నాకు నచ్చలేదు. రాత్రంతా లారీ తోలి వచ్చినవాడికి నిద్ర రాకపోవడమేమిటి?

నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే యేసు కడరా విందు గుర్తుగా రొట్టె పంచుకోవడం, ఉంటుంది. రొట్టె ముక్కల పళ్లెం జంపఖానా మీద కూర్చున్నవాళ్ల చేతుల మీదుగా వస్తుంది. మనసులో పాపం ఉంటే ముట్టకూడదు, ఎవరిని వారు పరీక్షించుకుని తీసుకోమని పాస్టరు అయ్యగారు ప్రతిసారీ చెబుతారు. డ్రైవరు తన దగ్గరికొచ్చిన పళ్లేన్ని ముట్టకుండా పక్కవాడికి అందించేశాడు. మరుసటి నెలా అంతే. బాప్తిస్మం తీసుకున్నానని చెప్పిన మనిషి రొట్టె ఎందుకు ముట్టడు? తాగుడా? ఎక్కడైనా ఇంకో సంసారమా? ఆరాధన కాగానే గేటు బయటికి పోయి ఎవరికో ఫోన్ చేస్తాడు, అటునుంచి ఎవరూ ఎత్తరు. నాకు రెండో సంసారం మీదే గురి కుదిరింది. సంగతి తేలితే సంఘం నుంచి తీసేయించాలని నిశ్చయించుకున్నాను. నేను పట్టుబడితే అయ్యగారు కాదనరు.

శుక్రవారాలు ఒకరి ఇంట్లో చేరి ప్రార్థన చేసుకునే మా గృహకూడికల్లో ఒక సౌకర్యం ఉంది. ఎవరి మీదైనా చాడీ చెప్పాలంటే దాన్ని ప్రార్థన అంశం అనవచ్చు. పేరు మాత్రం చెప్పకూడదు. ఒక శుక్రవారం సాయంత్రం నేనూ ఒకటి పెట్టాను.

"మన మధ్య ఒక సహోదరుడు ఏదో పాపం దాచిపెట్టుకొని బల్లకు దూరంగా ఉండాడు. దేవుడు దాన్ని బయటపెట్టేలాగా ప్రార్థన చేయండి."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడేమోనని చూశాను. డ్రైవరు అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నాడు. ఎంత గుండెధైర్యం! నాకు ఒళ్లు మండింది.

తర్వాతి బల్ల నాడు కావాలనే వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. పళ్లెం వచ్చింది. చెయ్యి వణుకుతుందేమో, కళ్లు దించుకుంటాడేమోనని రెప్ప వేయకుండా చూశాను. ఏమీ లేదు. నెమ్మదిగా నా చేతికిచ్చాడు. అతని మొహం మీది నుంచి చూపు తిప్పకుండానే నేను ఇటు పక్కకు అందించాను.

ఆ శుక్రవారం కూడిక మా ఇంట్లో జరిగింది. ప్రార్థన అంశాలు అడిగినప్పుడు డ్రైవరు మొదటిసారి నోరు తెరిచాడు.

"మా తమ్ముడు రాజంపేటలో ఉండాడు. చేని గట్టు కాడ కొట్లాడుకున్యాం. తప్పు నాదే. వారం వారం ఫోన్ చేస్తాండా, ఎత్తడం లేదు. వానితో కలిసేదాకా బల్ల ముట్టగూడదనుకొన్యా. మా కోసం ప్రార్థన చేయండప్పా."

నేను కట్టిన రెండో సంసారం కూలిపోయింది. సిగ్గేసింది. కానీ అతను ఇంకా ముగించలేదు.

"ఇంకో మాట. మొన్న ఆదివారం ఒకన్న కూడా రొట్టె తీసుకోకుండా పళ్లెం పక్కకిచ్చేసినాడు. పాపం, ఆయనకూ ఎవరితోనో శానా బాధ ఉన్నట్టుండాది. పేరు చెప్పను. ఆయన కోసమూ ప్రార్థన చేయండి."

సిగ్గు ఎటు పోయిందో పోయింది. అందరూ తలలు వంచారు, నేను మాత్రం కళ్లు తెరుచుకుని ఒక్కొక్కరినే చూస్తూ పోయాను. ఎవరై ఉంటారు? తబలా వాయించేవాడా? వాడి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. టైలరా? ఆ రోజు కూర్చున్న వరస గుర్తు తెచ్చుకున్నాను. డ్రైవరుకు అటుపక్క టైలరు. అతను తీసుకున్నాడు, కళ్లారా చూశాను. నా ఇటుపక్క తబలా అతను. నోట్లో వేసుకుని గొణుక్కోవడం విన్నాను. మధ్యలో ఇక నేనే.

నేను రొట్టె తీసుకున్న క్షణం కోసం వెతికాను. నాలుక మీద రుచి కోసం వెతికాను. ఎంత వెతికినా డ్రైవరు మొహమే కనిపించింది.

గదిలో ఆ మూల అతను మోకాళ్ల మీద ఉన్నాడు. నా కోసం ఏడుస్తూ ప్రార్థన చేస్తున్నాడు.