ఇరవై నాలుగు బోల్టుల తొట్టి

గురుగ్రామ్‌లోని ఒక ఆఫీసులో నేను ఆనకట్టల గేట్లకు బోల్టులు లెక్కగడతాను. వెనక అరవై మీటర్ల లోతు నీళ్లు నిలబడి తోస్తుంటే గేటు ఊడి రాకుండా ఎన్ని బోల్టులు కావాలి, ఎంత లావువి కావాలి అన్నది కంప్యూటర్ ముందు కూర్చుని తేలుస్తాను. పదిహేనేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో ఒక్క బోల్టునైనా చేత్తో బిగించిన పాపాన పోలేదు. ఈ సంగతి మా చర్చి సంఘంలో ఎవరికీ తెలియదు. వాళ్ల లెక్కలో నేను డ్యాములు కట్టే ఇంజనీర్ని. నేనూ కాదనలేదు.

మా తెలుగు సంఘం పశ్చిమ ఢిల్లీలో ఒక అద్దె హాల్లో కూడుకుంటుంది. మనిషిని నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మాలకు మాకొక ఇనుప తొట్టి ఉంది. బయట నిచ్చెన ఎక్కి, లోపల ఇంకో నిచ్చెన దిగాలి. ఆ నిచ్చెనలే ఆంటీకి అడ్డొచ్చాయి.

ఆంటీ గుంటూరు వైపు మనిషి. ఇరవై ఏళ్లకే ఢిల్లీ వచ్చి, ఒక పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో నలభై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. బాప్తిస్మం తీసుకుందామనుకున్న ప్రతిసారీ సరిగ్గా ఆ ఆదివారమే డ్యూటీ పడేదట. తీరా తీరిక దొరికేసరికి మోకాళ్లు మొరాయించాయి. చదునైన నేల మీద కర్ర పట్టుకుని నడుస్తారు గానీ ఎక్కడం, దిగడం ఆవిడ వల్ల కాదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం ఎత్తి దింపుతామన్నాం. అంతే, ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది.

"నలభై ఏళ్లు నేనే మనుషుల్ని ఎత్తి మంచాల మీద పడుకోబెట్టాను. ఇప్పుడు నన్ను మీరెత్తుతారా? నా కాళ్లతో నేను నడిచెళ్తేనే మునుగుతాను. ఈసారి కుదరకపోతే ఇంక అడగను, మీరూ అడగొద్దు."

ఆ మాట అయ్యగారిని బాగా బాధపెట్టింది. అయ్యగారంటే మా పాస్టరు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కి భోజనానికి తీసుకెళ్లి, ఏదైనా ఉపాయం చెప్పమన్నారు. పప్పన్నం సగంలో ఉండగానే నేను కాగితం తువ్వాలు మీద బొమ్మ గీశాను. తొట్టి పక్కగోడని, అడుగున చిన్న గడప మాత్రం వదిలి, రెండడుగుల వెడల్పున కోసేద్దాం. ఆంటీ అందులోంచి నడిచి లోపలికెళ్తారు. తర్వాత ఆ ఖాళీని బయటి నుంచి ఒక ఇనుప రేకుతో మూసి, మధ్యలో రబ్బరు పెట్టి, మూడు వైపులా బోల్టులు బిగిస్తాం.

"తొట్టి పొడవు సగం చేయిద్దామా? నీళ్లు సగమైతే తలుపు మీద భారమూ తగ్గుతుంది కదా," అన్నారు అయ్యగారు.

"ఎన్ని నీళ్లున్నాయో తలుపుకి అక్కర్లేదండీ, ఎంత లోతున్నాయన్నదే లెక్క. మూడడుగుల తొట్టయినా మూడడుగుల చెరువైనా తలుపుని ఒకే బలంతో తోస్తుంది."

అయ్యగారు నా వంక జాలిగా చూసి సాంబారు కలుపుకున్నారు.

ఆఫీసులో టీ తాగేలోపు లెక్క అయిపోయింది. పైన ఏమీ లేని నీటి ఒత్తిడి అడుక్కి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. మొత్తం కూడితే మూడడుగుల నీళ్లు ఆ తలుపుని సుమారు రెండు వందల యాభై కిలోల బలంతో తోస్తాయి. వేలెడు లావు కూడా లేని ఒక్క బోల్టు టన్ను దాకా తట్టుకుంటుంది. అంటే ఒక్కటి చాలు. నాలుగు పెడితే మర్యాద. ఆంటీ కోసం ఎనిమిది పెట్టాను. ఒక్కోదాని వాటాకి ముప్పై కిలోల చిల్లర. అరవై మీటర్ల నీళ్లు చూసినవాడికి ఇదొక లెక్కా అని మా ఆవిడ దగ్గర కోతలు కోశాను.

మాయాపురి ఇనుప షెడ్లలో ఒక మిస్త్రీ తలుపు చేసిచ్చాడు. ఆదివారం బాప్తిస్మమనగా, శనివారం పొద్దున్నే హాల్లో తొట్టి నింపి చూశాం. ఆంటీ కూడా వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. నీళ్లు అడుగు ఎత్తు వచ్చాయో లేదో, తలుపు అంచు నుంచి సన్నగా జల్లు మొదలైంది. నేను పానా తీసుకుని అక్కడి బోల్టు బిగించాను. జల్లు పక్కకు జరిగింది. అక్కడ బిగిస్తే ఇంకా పెద్దదైంది. పదిహేనేళ్ల అనుభవమంతా చెమటగా కారుతోంది, కింద నా ప్యాంటు తడుస్తోంది. లెక్క తప్పలేదు, అది నాకు తెలుసు. ఆ బోల్టులు పది తొట్లను ఆపగలవు. మరి ఈ నీళ్లెందుకు ఆగవు? నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది. ఆంటీ ఇంక అడగనన్న మాట చెవిలో మోగుతోంది.

అప్పుడు ఆంటీ కర్ర ఆనించుకుని ముందుకి వంగారు.

"ఏం బాబూ, కుట్లు ఇంత దూరం దూరంగా వేశావేంటి?"

"బోల్టులు గట్టివే ఆంటీ."

"గట్టివే నాయనా, ఎవరు కాదన్నారు? దారం ఎంత గట్టిదైతే ఏంటి, కుట్టుకీ కుట్టుకీ మధ్య గాయం నోరు తెరుచుకునే ఉంటుంది. నువ్వు లాగి బిగించేకొద్దీ ఇంకా తెరుచుకుంటుంది. దగ్గర దగ్గరగా వెయ్యి. మెత్తగా బిగించు."

వంగి చూశాను. ఆవిడ చెప్పినట్టే, బోల్టు ఉన్నచోట రబ్బరు నలిగిపోయింది. రెండు బోల్టుల మధ్య రేకు విల్లులా బయటికి వంగింది. ఇది నేను చదవని సంగతి కాదు. ఆఫీసులో గేటు గీసేటప్పుడు బోల్టుల మధ్య దూరం కంప్యూటరే చూసుకుంటుంది. నేను బలం ఒక్కటే చూసి మురిసిపోయాను.

మధ్యాహ్నానికల్లా తొట్టినీ తలుపునీ టెంపోలో ఎక్కించి మళ్లీ మాయాపురి. ఇరవై నాలుగు బోల్టులనగానే మిస్త్రీ డ్రిల్లు పక్కన పెట్టేశాడు. "భయ్యా, యే టంకీ హై యా ఛలనీ?" తొట్టా, జల్లెడా అని అడిగాడు. సాయంత్రం మళ్లీ నింపాం. ఒక్క చుక్క లేదు.

అప్పుడు అయ్యగారు మెల్లిగా ఒక సందేహం బయటపెట్టారు. "తలుపు బిగించాకే కదా నీళ్లు నింపాలి? నిండడానికి రెండు గంటలు పడుతోంది. మరి ఆంటీ?"

మూడు వారాలు బోల్టుల గురించే ఆలోచించిన నాకు ఈ సంగతి తట్టనే లేదు. నేల చీలితే దూరిపోయేవాణ్ని. ఆంటీ మాత్రం ఇది ముందే ఆలోచించినట్టున్నారు.

"మే నెల ఎండలో మీరంతా చెమటలు కక్కుతుంటే నేను చల్లటి నీళ్లలో కూర్చుని పాటలు పాడతాను. మీకేం కష్టం?"

అలాగే జరిగింది. ఆదివారం ఆంటీ కర్ర పట్టుకుని తలుపులోంచి నడిచి వెళ్లి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు. నేను ఇరవై నాలుగు బోల్టులూ నా చేత్తో బిగించాను. ఆరాధన సాగుతుంటే నీళ్లు ఆవిడ చీలమండలు దాటి, మోకాళ్లు దాటి పైకొచ్చాయి. కూలర్ పాడైన హాల్లో సుఖంగా ఉన్న మనిషి ఆవిడొక్కరే. "నానీ పూల్ మే బైఠీ హై!" అమ్మమ్మ ఈతకొలనులో కూర్చుందని పిల్లలు కుళ్లుకున్నారు. వాక్యం చెప్పడం అయ్యాక అయ్యగారు నిచ్చెన దిగి ఆవిడ పక్కన నిలబడ్డారు. ఆయన దిగేసరికి నీళ్లు ఇంకో రెండంగుళాలు లేచాయి. నేను గబగబా తలుపు ముందు మోకాళ్ల మీద కూలబడి, కింది అంచుకి అరచెయ్యి ఆనించాను. పైన ఏదో పెద్ద చప్పుడు, తర్వాత అందరి చప్పట్లు. నా చెయ్యి పొడిగానే ఉంది.

నీళ్లు తోడి, బోల్టులన్నీ విప్పి తలుపు ఊడదీసి పక్కన పెట్టేసరికి గంట దాటింది. ఆంటీ తడి చీరతో గడప దగ్గర నిలబడ్డారు.

"చూశావా బాబూ, ఎలా మునిగానో?"

అబద్ధమాడడానికి నోరు రాలేదు. "లేదాంటీ. తలుపే చూస్తూ ఉండిపోయాను."

తిడతారనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వారు. "నేనూ అంతే నాయనా. నలభై ఏళ్లు కుట్లే చూశాను. ఒక్కళ్ల మొహం గుర్తులేదు. వాళ్లు నడిచి ఇంటికెళ్లారు, అది చాలు."

నేను చెయ్యి అందించాను. పట్టుకోలేదు. కర్ర బయట ఆనించి, ఒక్కో పాదమే ఎత్తి, గడప దాటి హాల్లోకి నడిచి వచ్చారు. ఈసారి మాత్రం నేను ఆవిడనే చూశాను.