మస్కట్ నుంచి వచ్చిన షుగర్ మీటరు

నన్ను కోరుట్లకు రక్తపరీక్షల ల్యాబ్ ఇన్‌చార్జిగా పంపింది రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, ఒక జూన్ నెలలో. అంతకుముందు సిరిసిల్లలో పనిచేశాను. జగిత్యాలలో ఉండే మా యజమాని కోరుట్లలో కొత్త శాఖ తెరిచి, రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేశానన్న కారణంతో దాన్ని నాకు అప్పగించాడు. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా కాదు. కింద ఇద్దరు టెక్నీషియన్లు ఉండేవారు. బయటికి వెళ్లే ప్రతి రిపోర్టు మీదా నా సంతకం ఉండాలి.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవారి పెట్టెల్లో కొత్త వస్తువులు దిగుతున్న రోజులవి. కెమెరా ఫోన్లు, నడుముకు కట్టుకునే మసాజ్ బెల్టులు, బీపీ మిషన్లు, వేలి నుంచి ఒక్క నెత్తురు చుక్క తీసుకుని షుగర్ చెప్పే మీటర్లు. చాయ్ హోటల్లో కూర్చున్న ప్రతివాడికీ వాటి మీద ఒక అభిప్రాయం ఉండేది. 'బయటి మాల్' అన్న ఒక్క మాటతో చర్చ ముగిసేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. మా ల్యాబులో ప్రతి ఉదయం, రోగుల నమూనాలు ముట్టుకోకముందే, విలువ తెలిసిన కంట్రోల్ సీరంతో యంత్రాన్ని పరీక్షిస్తాం. ఫలితం హద్దు దాటితే ఆ పరీక్ష ఆనాటికి బంద్. ఖరీదైన యంత్రాన్నే రోజూ అనుమానించడం మా పని. విమానం దిగినంత మాత్రాన ఒక డబ్బాకు అనుమానం నుంచి మినహాయింపు ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం మా భవనంలోనే ఉన్న క్లినిక్ నుంచి కాంపౌండర్ రాజేశం వచ్చాడు. డాక్టరుగారు పనిమీద జగిత్యాల వెళ్లారు. నరం దొరకనప్పుడు మమ్మల్ని పిలవడం వారికి అలవాటు.

"సార్, షుగర్ ఇరవై ఒకటికి పడ్డది. గ్లూకోజ్ ఎక్కియ్యాలె, నరం దొరుకుతలేదు" అన్నాడు.

వెళ్లి చూస్తే బల్ల మీద ఖాజా ఉన్నాడు. నలభై ఐదేళ్లుంటాయి, టైలర్. పెదవులు ఎండిపోయి, కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. పక్కన భార్య షాహీన్, పది రోజుల క్రితం మస్కట్ నుంచి వచ్చిన తమ్ముడు రఫీక్. గ్లూకోజ్ సీసా స్టాండుకు వేలాడుతోంది.

"దూపైతుంది. జర నీళ్లియ్యున్రి" అన్నాడు ఖాజా. అది మూడో చెంబు అని షాహీన్ చెప్పింది.

నెత్తుటిలో చక్కెర నిజంగా ఇరవై ఒకటికి పడిపోయిన మనిషికి స్పృహ ఉండటమే కష్టం. ఇతను కూర్చుని నీళ్లు అడుగుతున్నాడు. అడిగితే షాహీన్ అంతా వరుసగా చెప్పింది. డెబ్భై కన్నా తగ్గితే ప్రమాదం, వెంటనే చక్కెర పెట్టాలని డాక్టరు చీటీలో ఉంది. మరిది తెచ్చిన మీటరుతో నాలుగు రోజుల క్రితం తొలిసారి చూస్తే పద్నాలుగు చూపింది. భయపడి షుగర్ గోళీలు ఆపేశారు. అప్పటినుంచి పూటపూటకూ గ్లూకోజ్ నీళ్లు, ఖర్జూరాలు. పద్నాలుగు పదిహేడైంది, పదిహేడు ఇరవై ఒకటైంది. గుణం కనిపిస్తోందని సంతోషించారు కూడా.

ముందు నెత్తురు పరీక్షించాలి, అంతవరకు సీసా ముట్టవద్దు అన్నాను.

"మస్కట్ల మా సేఠ్ ఇంట్ల గిదే మిషన్ సార్" అన్నాడు రఫీక్. "మీ కోరుట్ల డబ్బ చెప్తెనే నమ్మాల్నా?"

"బయటి మాల్ సార్, తప్పు చూపియ్యది" అని రాజేశం వంత పాడాడు.

"ఇరవై నిమిషాలు ఆగు రాజేశం. అప్పటికీ ఎక్కియ్యాల్నంటే నేనే సూది గుచ్చుత" అన్నాను.

నరం దొరికింది. సిరంజిలోని ఒక చుక్కను ఆ మీటరుకే ఇచ్చాను: 21.2. మిగతాది ఫ్లోరైడ్ వేసిన గొట్టంలోకి తీశాను. నెత్తుటి కణాలు చక్కెరను తినకుండా అది ఆపుతుంది. మా యంత్రంలో 384 వచ్చింది. ఇంత ఎక్కువ వస్తే మళ్లీ చేయాలన్నది నియమం. రెండోసారి 381. ఇలాంటి ఫలితాన్ని రిపోర్టు రాయకముందే డాక్టరుకు ఫోన్‌లో చెప్పాలి. చెప్పాను. చక్కెర లేని సెలైన్ మొదలుపెట్టి వెంటనే కరీంనగర్ పంపమన్నారు. రాజేశం గ్లూకోజ్ సీసా దించాడు.

బండి వచ్చేలోపు, మీటరు నకిలీదని తేల్చి రఫీక్‌ను కడిగేయాలని లెన్స్ పట్టుకుని కూర్చున్నాను. అంకె పక్కన చీమ తలంత అక్షరాలు ఉన్నాయి. మన దగ్గర షుగర్‌ను డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో, అంటే బరువులో చెబుతాం. ఆ మీటరు లీటరుకు మిల్లీమోల్స్‌లో, అంటే అణువుల సంఖ్యలో చెబుతోంది. దాన్ని పద్దెనిమిదితో గుణిస్తే మన లెక్క వస్తుంది. 21.2ను గుణించాను. 381.6. మీటరు తప్పు చెప్పలేదు. దాన్ని నకిలీ అనుకున్న నా అనుమానమే తప్పు.

కోపం తగ్గలేదు, దారి మళ్లింది. ప్రాణం ఆధారపడిన విషయాన్ని లెన్స్ పెడితే తప్ప కనిపించనంత చిన్నగా అచ్చువేసినవాడి మీద, ఏ దేశానికి పోతుందో అడగకుండా అమ్మినవాడి మీద. ఆ వేడిలోనే, యూనిట్ చూడకుండా మనిషికి ఏదైనా ఎలా పెడతారని షాహీన్ మీద గొంతు పెంచాను.

ఆమె చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. నెల క్రితం మేమిచ్చిన రిపోర్టు. షుగర్: 236. కింద నా సంతకం.

"దీని మీద ఏడున్నది సార్ ఆ యూనిట్? మీరు రాస్తె గద మేం చూసేది. నా చేతులతోటి తాపిచ్చిన నేను. ఎవల్ని అడగాలె?"

డాక్టరు చీటీలోనూ ఉత్త డెబ్భై అనే ఉంది. ఆమెకు క్షమాపణ చెప్పాను.

ఆ సాయంత్రమే జగిత్యాలకు ఫోన్ చేసి, ఫారాలు మళ్లీ అచ్చు వేయించాలన్నాను. "ఇన్నేండ్ల సంది ఎవడన్న అడిగిండా? ఉన్న ఫారాల బండిల్లు ముందు ఒడువనియ్" అన్నాడు యజమాని. యూనిట్ లేని ఫారం మీద సంతకం పెట్టనని చెప్పాను. కొత్తవి వచ్చేదాకా నేనూ టెక్నీషియన్లూ ప్రతి రిపోర్టులోనూ యూనిట్లు చేత్తో రాశాం. రోజూ అరగంట ఆలస్యమయ్యేది. రఫీక్ తెచ్చిన మీటరులో ఒక బటన్‌తో యూనిట్ మార్చుకోవచ్చని తర్వాత షాహీన్, రఫీక్ దాన్ని ల్యాబుకు తెచ్చి చూపించాక తెలిసింది. మిల్లీగ్రాములకు మార్చి ఇచ్చాను.

ఖాజా ఆరో రోజున కరీంనగర్ నుంచి తిరిగి వచ్చాడు. చక్కెర అంత పెరిగి తగ్గినప్పుడు చూపు కొన్నాళ్లు మసకబారుతుంది. మూడు వారాలు సూదిలో దారం షాహీనే ఎక్కించింది.

యూనిట్ లేని అంకె ఫలితం కాదు. ఈ సంగతి కళాశాల మొదటి నెలలోనే నేర్చుకున్నాను. అయినా సిరిసిల్లలోనూ ఇక్కడా ఏళ్ల తరబడి అలాంటి అంకెల కింద సంతకాలు పెట్టాను. రోగి ఇంట్లో మరో లెక్కలో చెప్పే మీటరు లేనంత కాలం అది చెల్లింది.