కింది ఇంటికి వినిపించిన గుండె

ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. ఎక్కడో చదివిందీ కాదు. నాకే జరిగింది. నా ఇంట్లో, నేను పూర్తి మెలకువతో ఉండగా జరిగింది. మా ఆయన వెంకట్ మాత్రం "నిద్రమబ్బుల ఏదో అనుకున్నవ్ తియ్" అంటారు. ఆ రాత్రి ఆయన ఇంట్లో లేరు. ఉన్నది నేను. కాబట్టి నేను చెప్పేదే వినండి...

జర్మనీలోని హాంబర్గ్‌లో కరోనా రెండో చలికాలం అది. దుకాణాలు మూసేశారు. నేనో షిప్పింగ్ కంపెనీలో లెక్కలు చూస్తాను. అప్పుడు వంటింటి బల్ల మీదే ఆఫీసు. వెంకట్‌ది పోర్టు దగ్గర గిడ్డంగిలో నైట్ షిఫ్ట్. సాయంత్రం అన్నం తిని వెళ్తే తెల్లారాకే రావడం. రాత్రంతా ఆ పాత బిల్డింగ్‌లో, రెండో అంతస్తులో, నేనొక్కదాన్నే.

నాకో జబ్బు ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పైగదులు ఉన్నట్టుండి తాళం తప్పుతాయి. ఎప్పుడూ ఉండదు. వస్తుంది, పోతుంది. నెలల తరబడి జాడ ఉండదు... ఇక పోయిందిలే అనుకున్నాక, ఓ రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకోగానే మొదలవుతుంది. గిన్నెలో వేసి మూత పెట్టిన కొర్రమీను కొట్టుకున్నట్టు ఉంటుంది లోపల. రెండు కొట్టుకుంటుంది. ఆగుతుంది. ఆగిందే అనుకునేలోపు మూడు గబగబా.

దానంతట అది ప్రాణం తియ్యదు అన్నారు డాక్టరు. కానీ గుండెలో రక్తం గడ్డకట్టి తలకెక్కితే పక్షవాతం. అందుకే రక్తం పల్చబడే మాత్ర పొద్దునా రాత్రీ తప్పకూడదు. గుండె తాళం తప్పినప్పుడు ఇంకో మాత్ర. వేసుకుని కూర్చోవాలి. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టుకుని చూసుకోవాలి. కళ్లు తిరిగినా, ఊపిరి ఆడకపోయినా ఫోన్ చెయ్యాలి. నాకు అలవాటైపోయింది. రాత్రిపూట కడుపు నిండా తినడం మానేశాను. కాఫీ తగ్గించాను. అది వచ్చిందంటే తెల్లారేదాకా ఓర్చుకునేదాన్ని. ఆ రోజుల్లో ఆసుపత్రి గడప తొక్కాలంటే భయం. గుండె కోసం పోయి కరోనాతో వస్తానేమోనని.

ఒక పొద్దున బెల్ మోగింది. కింది ఫ్లాట్‌లో ఉండే ఫ్రావ్ పేటర్సన్, అంటే శ్రీమతి పేటర్సన్. ఎనభై దాటిన మనిషి, ఒంటరిది. మాస్క్ పెట్టుకుని, దూరం కోసం నాలుగు మెట్లు కిందే నిలబడింది.

"ఫ్రావ్ బండి, రాత్రి మీరు ఏం చేస్తున్నారు?" అంది. బండి మా ఇంటిపేరు.

"పడుకున్నాను. ఎందుకు?"

"చప్పుడు వచ్చింది. చాలాసేపు. రాత్రి పది దాటాక చప్పుడు చెయ్యకూడదని మీకు తెలుసు కదా."

వాషింగ్ మెషిన్ వెయ్యలేదన్నాను. మేకులు కొట్టలేదన్నాను. హీటర్ పైపులేమో అన్నాను.

"నలభై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. పైపులు నాకు తెలుసు," అంది. వేలి ఉంగరంతో మెట్ల పక్క ఇనుప కమ్మీ మీద కొట్టి చూపించింది.

టక్... టక్... 

ఆగింది.

టక్ టక్ టక్.

మళ్లీ ఆగింది.

నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఎందుకంటే ముందురాత్రి నాకు అది వచ్చింది. తెల్లారేదాకా నా వేళ్ల కింద నాడి కొట్టుకున్నది సరిగ్గా అలాగే.

తలుపు వేసుకున్నాను. కొన్ని వారాలకు నాకు మళ్లీ దడ వచ్చింది, మళ్లీ ఆమె పొద్దున్నే పైకి వచ్చింది. అప్పుడు నాకు అనుమానం మొదలైంది. ముందుగా... మా ఆయన మీద.

"ఆమెతో ఏమన్నా చెప్పారా? నేను ఒక్కదాన్నే ఉంటాను, కాస్త కనిపెట్టి ఉండమని?"

వెంకట్ షూ విప్పుతూ తల ఎత్తారు. "నేనా? ఆ ముసలామెతోని గుటెన్ మోర్గెన్ తప్ప ఇంకో మాట మాట్లాడిన్నా ఎప్పుడన్నా?"

"మరి నాకు వచ్చిన రాత్రే ఆమెకెలా తెలుస్తుంది?"

"నీకు గుండె దడొస్తే ఇల్లంతా తిరుగుతవ్. పాత చెక్క నేల. కింద దబదబా వినపడ్తది. గంతే. దానికి గింత ఆలోచన ఎందుకు?"

నిజమే. తిరుగుతాను. అది విన్నాక కాస్త నిమ్మళించాను. కానీ తిరిగే అడుగులు అలా పడవు కదా... రెండు వేసి, ఆగి, మూడు గబగబా ఎవరు నడుస్తారు? ఆమె నన్ను కనిపెడుతోందని అనిపించడం మొదలైంది. చెత్త వెయ్యడానికి దిగితే ఆమె తలుపు వెనక ఎవరో నిలబడ్డట్టుండేది. మేం ఇల్లు ఖాళీ చేసి పోవాలని ఈ వేషాలేమో అని కూడా అనుకున్నాను.

ఇక ఆ రాత్రి.

గాలి, వాన. కిటికీ అద్దాలు వణుకుతున్నాయి. వెంకట్ వెళ్లిపోయారు. పెరుగన్నం కొంచెం తిన్నాను, మాత్ర వేసుకున్నాను, పడుకున్నాను. ఒంట్లో బాగుంది. అది ముఖ్యం, గుర్తుపెట్టుకోండి. ఆ రాత్రి నాకు బాగుంది.

కింద నుంచి కొట్టారు.

ఆమె కర్రతో తన పైకప్పు మీద కొడుతోంది. నా మంచం కిందే. నేను కదల్లేదు. కనీసం పక్కకు కూడా ఒత్తిగిల్లలేదు. వేళ్లు మణికట్టు మీద పెట్టుకున్నాను. నాడి గోడ గడియారంలా ఉంది. చక్కగా... ఒకదాని తర్వాత ఒకటి.

నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. దొరికింది అనుకున్నాను. నాకు ఏమీ రాకుండానే కొడుతోంది. అంటే ఇన్నాళ్లూ ఆడింది నాటకమే.

కొట్టడం ఆగింది. కింద తలుపు తెరుచుకున్న చప్పుడు. మెట్ల మీద అడుగులు. నెమ్మదిగా... ఒక్కో మెట్టూ చెక్క మూలుగుతోంది. మా తలుపు ముందు ఆగాయి.

బెల్ కొట్టలేదు.

లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. తలుపు కన్నంలోంచి చూశాను. చీకటి. మెట్ల దగ్గర దీపం నొక్కితే వెలిగి దానంతట అదే ఆరుతుంది. మరి నొక్కకుండా ఆ చీకట్లో ఎలా ఎక్కింది?

"ఫ్రావ్ పేటర్సన్?"

తర్వాత తలుపుకి చాలా దగ్గర నుంచి, మాస్క్ అడ్డం ఉన్నట్టు నలిగిన గొంతు.

"ఈరోజు చాలా గట్టిగా ఉంది. ఆపండి."

"నేనేమీ చెయ్యడం లేదు."

"ఎప్పటిలా లేదు. చాలా గట్టిగా ఉంది..."

వేళ్లు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. నాడి ఏ తేడా లేకుండా కొట్టుకుంటోంది. చెవులు రిక్కించాను. వాన. ఫ్రిజ్ గురగుర. ఇంకేం లేదు.

తలుపు తియ్యలేదు. కరోనా అని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. అడుగులు దిగిపోయిన చప్పుడు మాత్రం నేను వినలేదు. చివరికి వెళ్లి మంచం మీద కూర్చున్నాను.

అప్పుడు మొదలైంది.

అలాంటిది అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కొర్రమీను కాదు, లోపల ఎవరో తలుపు బాదుతున్నట్టు. నుదుటి మీద చెమట. గది అంచులు నల్లబడుతున్నాయి. వెంకట్‌కి చేశాను, ఎత్తలేదు. గిడ్డంగిలో ఫోన్లు లాకర్‌లో పెట్టాలి. మామూలుగా అయితే మాత్ర వేసుకుని ఆగేదాన్ని. ఆ రాత్రి ఆగలేదు. "ఎప్పటిలా లేదు" అన్న మాట చెవుల్లోనే ఉంది. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. తలుపు గడియ తీసి, నేల మీద కూర్చుండిపోయాను.

తెల్లటి సూట్లు, ముఖాలకు అద్దాలు వేసుకుని వచ్చారు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. ఆసుపత్రిలో నిద్రమందు ఇచ్చి, కరెంట్ షాక్‌తో గుండెను మళ్లీ దారిలో పెట్టారు. వెంకట్‌ని లోపలికి రానివ్వలేదు, కింద రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడారు. బీపీ బాగా పడిపోయిందని, తెల్లారేదాకా ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికి వచ్చాక, కాస్త తేరుకున్నాక, కేక్ చేసి కిందికి తీసుకెళ్లాను. కృతజ్ఞత ఒకటి. అడిగి తేల్చుకోవాలన్నది ఒకటి.

ఫ్రావ్ పేటర్సన్ కిటికీ తెరిచి, నన్ను దూరంగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమె రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు ఉన్నాయి. అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు.

"పడుకునేటప్పుడు ఇవి తీసేస్తారా?" అడిగాను.

"తీసేస్తాను. తర్వాత చెవి దగ్గర గంట మోగించినా వినపడదు."

"మరి నా చప్పుడు?"

"అది చెవులతో కాదు. దిండులోంచి వస్తుంది," అంది, మామూలు విషయం చెప్పినట్టు.

"ఆ రాత్రి మీరు పైకి వచ్చి చెప్పకపోతే నేను ఫోన్ చేసేదాన్ని కాదు. చాలా థాంక్స్."

ఆమె కేక్ కోస్తున్న చాకు ఆపింది.

"నేను పైకి రాలేదు. కర్రతో కొట్టాను, అంతే. మీరే కదా కిందికి వచ్చింది."

"నేనా?"

"తలుపు బయట నిలబడ్డారు. ఈరోజు చాలా గట్టిగా ఉంది, ఆపండి అన్నారు. వైరస్ కదా అని నేను తలుపు తియ్యలేదు, క్షమించండి." కాసేపు నా ముఖం వైపే చూసింది. "ఒక్క తప్పు లేకుండా మాట్లాడారు. మీకు అంత మంచి జర్మన్ వచ్చని నాకు తెలీదు."

నా జర్మన్ ఎలా ఉంటుందో ఆఫీసులో అడగండి, చెప్తారు. మిషన్లు తీసేసిన ఆమెకు ఆ మాటలు ఎలా వినపడ్డాయని నేను అడగలేదు. ఆమెకూ అప్పుడే తట్టినట్టుంది. చాకు బల్ల మీద పెట్టేసింది.

వయసు మీదపడి ఆమే వచ్చి మర్చిపోయిందని వెంకట్ అంటారు. మెదడుకి రక్తం సరిగ్గా అందక నాకే అలా అనిపించిందని డాక్టరు అంటారు. ఆమె అబద్ధం ఆడిందేమోనని నేను చాలా రోజులు అనుకున్నాను. కానీ ఎందుకు ఆడుతుంది? నన్ను బతికించానని చెప్పుకోవడం ఎవరికి చేదు?

ఇప్పుడు మందు మార్చారు. దడ రావడం బాగా తగ్గింది. రాత్రి నాడి చూసుకుని, తిన్నగా ఉంటే పడుకుంటాను. మొన్న మెట్ల మీద ఎదురుపడితే ఫ్రావ్ పేటర్సన్‌ని నేనే అడిగాను, "ఇప్పుడు చప్పుడు లేదు కదా?" అని.

"మీది లేదు," అంది.

ఇంకెవరిది అని అడగకుండా గబగబా పైకి వచ్చేశాను.