ఒడిలో బియ్యం, పహాణీలో పేరు

మా చెల్లె లసుమవ్వను మొండిది అన్నవాళ్లే నన్ను మంచిది అన్నారు. ఆ మంచితనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది మల్లాపూర్ పక్కన పల్లె. తాతల నాటి భూమి తొమ్మిది ఎకరాలు. అమ్మ ముందే పోయింది. తొంభైలో నాయన భూమయ్య పోయాడు. సంవత్సరీకం అయ్యాక అన్న భీమయ్య మా ఇద్దరికీ ఒడిబియ్యం పోస్తానని కబురు పెట్టాడు. పెళ్లయిన ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పోస్తేనే పుట్టిల్లు ఉన్నట్టు. నేను సారంగాపూర్ నుంచి, లసుమవ్వ కోరుట్ల నుంచి సంబరంగా వెళ్లాం.

పెద్దదాన్ని కాబట్టి ముందు నా వంతు. నేను పీట మీద కూర్చోకముందే అన్న ఒక కాగితం తెచ్చాడు. భూమిలో మాకేమీ వద్దని రాసి ఉందట. పుట్టింటితో పేచీ ఎందుకని వేలిముద్ర వేశాను. సిరా తుడుచుకున్నాకే నా కొంగులో బియ్యం పడ్డాయి.

లసుమవ్వ వంతు వచ్చేసరికి మంచి గడియ దాటిపోతోందని వదిన తొందర పెట్టింది. దాంతో అన్న ముందు బియ్యం పోసి, తర్వాత కాగితం అందుకున్నాడు. అతను చేసిన తప్పు అదే. లసుమవ్వ నిండిన కొంగును రెండు చేతులా పట్టుకుని అతని వంక చూసింది.

“రెండు చేతుల్ల ఒడి ఉంది అన్నా. వేలు ఇయ్యాల్నంటె ఒడి ఇడువాలె. ఇడువుమంటవా?”

ఒడిబియ్యం నేలపాలైతే ఆ ఇంటికే అరిష్టమని మా దగ్గర గట్టి నమ్మకం. వదిన ముఖం పాలిపోయింది. అన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లసుమవ్వ కొంగు ముడి వేసుకుని లేచి, భోజనానికి కూడా ఆగకుండా కోరుట్ల బస్సెక్కింది.

వారం తిరక్కుండానే, బీడీలు చుట్టే పని ఒక పూట మానుకుని జగిత్యాల వకీలు దగ్గరికి వెళ్లింది. పెళ్లి ఎప్పుడైందని ఆయన అడిగాడు. ఎనభై ఏడులో అని చెప్పింది. ఎనభై అయిదు నుంచి కొత్త చట్టం అమల్లో ఉందనీ, అప్పటికి పెళ్లి కాని బిడ్డకు తాతల భూమిలో కొడుకుతో సమానంగా వాటా ఉందనీ ఆయన చెప్పాడు. నా పెళ్లి అంతకు చాలా ముందే అయింది. నాకు దక్కేదల్లా నాయన వాటాలో ఒక ముక్క. అది నా వేలిముద్రతోనే పోయింది.

కోర్టు ఎందుకు, అడవిలోని నక్సలైటు అన్నలకు చీటీ రాస్తే ఒక్క రోజులో తేలుతుంది కదా అని ఊళ్లో వాళ్లు సలహా ఇచ్చారు. ఆ రోజుల్లో పొలం గెట్టు తగాదాల నుంచి మొగుడూ పెళ్లాల పంచాయితీ దాకా అడవి నుంచి వచ్చినవాళ్లే తీర్చేవాళ్లు. లసుమవ్వ ఒప్పుకోలేదు.

“భయంతోని ఇచ్చిన భూమి, భయం పోంగనె మళ్ల గుంజుకుంటరు. నాకు సర్కారు భూమి లెక్కల, పహాణీల పేరు గావాలె” అంది.

అయినా ఆమె అడవిలో అన్నలను కలిసిందని భీమయ్యే పుకారు పుట్టించాడు. పోలీసులు కోరుట్ల వచ్చి రెండుసార్లు ప్రశ్నలడిగారు. మూడోసారి ఆమే స్టేషనుకు వెళ్లి, కోర్టు వాయిదా కాగితాలు బల్ల మీద పరిచి వచ్చింది. కేసు నడిచిన ఆ ఐదేళ్లలో భీమయ్య ఇంట్లో జరిగిన ఏ శుభకార్యానికీ ఆమెకు పిలుపు లేదు. నాకుంది. సిగ్గు లేకుండా వెళ్లి తిని వచ్చాను. లసుమవ్వ గడప మాత్రం నేను తొక్కలేదు, అన్నకు కోపం వస్తుందని.

చివరికి సొంత వాటా మూడు, నాయన వాటాలోంచి ఒకటి, మొత్తం నాలుగు ఎకరాలు ఆమెవయ్యాయి. పహాణీలో పేరెక్కింది. మొదటి పంట ఇంటికి రాగానే నన్ను పొలానికి రమ్మంది. వెళ్లేసరికి గట్టు మీద పీట వేసి ఉంది. పక్కన చాటలో పసుపు కలిపిన బియ్యం. ఒడిబియ్యం అన్న పోయాలి గానీ చెల్లె పోస్తే చెల్లుతుందా అని నసిగాను.

“గీ బియ్యం మన నాయన పొలంల పండినయి. పుట్టింటియి గాకపోతె ఎవలియి? కొంగు వట్టు అక్కా.”

ఏడుస్తూనే కొంగు పట్టాను. ఈసారి నన్ను ఎవరూ వేలు అడగలేదు.