ఫోన్‌ల జాగ లేదు

సుల్తానాబాద్‌ల పొలాలకు డ్రోన్‌తోని మందు కొట్టి మందమర్రి బస్సెక్కిన. డ్రోన్ ఎప్పుడు, ఎక్కడ ఎగిరిందో ఆ లాగ్‌లన్నీ ఫోన్‌ల ఉంటయి. వాటిని ల్యాప్‌టాప్‌ల సాఫ్ట్‌వేర్‌కు ఎక్కిస్తేనే ఆఫీసోళ్లు పని అయిందని ఒప్పుకుంటరు. బస్సుల కూసొని ఎక్కిస్తుంటే సగం దాక పోవుడు, ఆగుడు, మళ్ల మొదటికొచ్చుడు. పెద్దపల్లి దాటినంక "పూర్తయింది" అని వచ్చింది. పీడ వదిలిందనుకుని, జాగ కోసం ఫోన్‌ల ఉన్న లాగ్‌లు తుడవబోయిన. పక్కసీట్ల అక్క స్క్రీన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"తెరిచి చూసినవా తమ్మీ?"

"పూర్తయిందని చెప్తుంది గదా అక్కా."

"నాకూ గట్లనే చెప్పింది. పోయిన మా అవ్వ వాయిస్ మెసేజ్‌లు కొత్త ఫోన్‌లకు మార్చి పాతది అమ్మేసిన. తేదీలు వచ్చినయి, గొంతు రాలే."

చిరాకుతోనే ల్యాప్‌టాప్‌ల తెరిచిన. తేదీల కింద అంతా ఖాళీ.

ఇప్పటికీ నా ఫోన్ జాగ లేదని మొత్తుకుంటనే ఉంటది. లాగ్‌లు తెరిచి చూసినంక తుడుస్త. నాకు మా అవ్వ పంపిన వాయిస్ మెసేజ్‌లు మాత్రం ముట్ట.