రెబెకా కోసిన సబ్బు

రెబెకా గురించి మంచిగా చెప్పమంటే నాకు నోరు రాదు. అయినా చెప్తాను. నేను చెప్పకపోతే ఇంకెవరో ఇంకా మంచిగా చెప్తారు, అది నేను వినలేను.

బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో మాదొక చిన్న టూల్ రూమ్. పాత మిషన్లలో అరిగిపోయిన పార్టులకు కొత్తవి చేసిస్తాం. ముందు డ్రాయింగ్ గీయాలి, దాన్ని చూసి మిల్లింగ్ వాళ్లు ఇనుము కోస్తారు. పంతొమ్మిదేళ్లుగా గీసేవాణ్ని నేను, రాజగోపాల్‌ని. సరిచూసి సంతకం పెట్టేవాడు గోపాలప్ప. ఆయన రిటైరైతే కిటికీ పక్క కుర్చీ నాదేనని టీ పోసే సొన్నమ్మతో సహా అందరికీ తెలుసు. ఆ కుర్చీ చెక్కది, గట్టిగా ఉంటుందని బళేపేటలో ఒక దిండు కూడా కొని ఇంట్లో బీరువాలో పెట్టుకున్నాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

రెండేళ్ల కింద ఈ అమ్మాయి వచ్చి చేరింది. ఊరు మార్కాపురం. వాళ్ల నాన్న పలకల ఫ్యాక్టరీలో పలకలు నున్నగా రుద్దేవాడు. అంచు విరిగినవి ఇంటికి తెచ్చేవాడట, ఈమె వాటి మీద గీతలు గీస్తూ పెరిగిందట. మా నాన్న పలకలు రుద్దకపోవడం నా తప్పా? అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఇక్కడ హెబ్బగోడిలో ఇద్దరు నర్సులతో కలిసి ఒక గదిలో ఉంటోంది. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది. మూడు నెలల్లో మిల్లింగ్ వాళ్లతో కన్నడలో జోకులు వేసేంత అయింది. ఇవన్నీ నేను కనుక్కోలేదు, వద్దన్నా అందరూ చెప్పారు.

వచ్చిన మొదటి వారంలో నా దగ్గరికొచ్చి అడిగింది. "రాజన్నా, ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ ఇచ్చి సైడ్ వ్యూ గీయమంటే నాకు తికమకగా ఉంది. మీకు ఎట్టా కనపడుద్ది?"

"సబ్బు బిళ్ల కొనుక్కోని కోసుకో పో, కనిపిస్తాది" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, తలూపి వెళ్లింది.

మర్నాడు నిజంగానే పసుపు బట్టల సబ్బు, బ్లేడు తెచ్చుకుంది. ఎదురుగా చూసిన ఆకారానికి ఒకసారి కోసేది, పైనుంచి చూసిన ఆకారానికి ఇంకోసారి. తర్వాత ముక్కను పక్కకు తిప్పి, కనబడింది గీసేది. రాలిన తురుము కవర్లో వేసుకుని బట్టలు ఉతకడానికి తీసుకెళ్లేది. నేను సబ్బు రాణి అని పేరు పెట్టాను. పేరు నిలవలేదు. ఆరు నెలలకు గోపాలప్ప కష్టమైన డ్రాయింగ్ వస్తే "రెబెకమ్మా, ఇట్లా రా" అనడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్లలో నన్ను ఒక్కరోజూ రాజప్పా అని పిలిచిన పాపాన పోలేదు. నాకు కుళ్లు పుట్టింది. దాచుకోవడం ఎందుకు, అన్నం సహించలేదు.

మొన్న ఏప్రిల్‌లో, ఆయన రిటైర్మెంట్ ఇంకో వారం ఉందనగా, ఒక ప్యాకింగ్ కంపెనీ నుంచి పాత డ్రాయింగ్ వచ్చింది. కుడివైపు చెదలు తినేసి సైడ్ వ్యూ మొత్తం పోయింది. మిగిలింది పైనొక చదరం, కిందొక చదరం. ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ. లోపల ఒక్క గీత లేదు.

"కంప్యూటర్ ముట్టకండి, కాగితం మీద ఇద్దరూ గీయండప్పా. ఎవురిది సరిగ్గా ఉంటే కుర్చీ వాళ్లది. మళ్ల నన్ను అనొద్దు" అన్నాడు గోపాలప్ప.

రెండు వైపులా చదరమైతే మూడో వైపు ఇంకేముంటుంది? ఆమె కవర్లోంచి సబ్బు తీసేలోపు నేను ముగించేయాలి, అదొక్కటే నా తొందర. పది నిమిషాల్లో మూడో చదరం గీసి లేచాను.

ఆమె నాకు అడ్డం వచ్చింది. అరచేతిలో సబ్బు ముక్క. "రాజన్నా, అప్పుడే ఇవ్వబాకండి. ఇట్టా ఏటవాలుగా కోసినా ఎదురునుంచి చదరమే, పైనుంచీ చదరమే. ఒకసారి చూడండి."

చూశాను. చూసిన క్షణమే తెలిసింది, ఆ మాట నిజం. కానీ పోటీలో ఉన్న మనిషి నా మేలు ఎందుకు కోరుతుంది? నా చేత సరైన జవాబు కొట్టేయించడానికే అనుకున్నాను. "నీ పని నువ్వు చూసుకోమ్మా" అని కాగితం ఇచ్చేశాను.

ఆమె ఒకటి కాదు, మూడు సైడ్ వ్యూలు గీసింది. ఒకటి చదరం, ఒకటి త్రికోణం, ఒకటి కేకు ముక్కలా వంపు తిరిగింది. కింద "కస్టమర్‌ను అడగాలి" అని రాసింది.

"ఒక ప్రశ్నకు మూడు జవాబులా! పరీక్షలో ఇట్లా రాస్తే సున్నా" అని గట్టిగా నవ్వాను. గోపాలప్ప నవ్వలేదు. ఫోన్ తీసి ఆ కంపెనీకి చేసి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"అది ఏటవాలు ముక్క సార్" అన్నాడు అవతలి ఫిట్టర్. "ప్యాకెట్లు దాని మీద జారి కింద పడాల."

త్రికోణం. గోపాలప్ప నా కాగితం మడిచి పక్కన పెట్టాడు. "ఇది మిల్లింగ్‌కు పోయింటే ఇనుము దండగ" అని, ఆమె వైపు తిరిగాడు. "ఈ సబ్బు విద్య యాడ నేర్చుకున్నావమ్మా?"

"రాజన్నే చెప్పారు సార్, వచ్చిన మొదటి వారం" అంది.

ఆమె ముఖంలో ఎక్కడైనా ఎగతాళి ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. లేదు. గోపాలప్ప నా భుజం తట్టి, "మంచి గురువే ఉండావు, ఇన్నాళ్లూ చెప్పలేదే" అన్నాడు. సొన్నమ్మ చప్పట్లు కొట్టింది. కుర్చీ పోయినందుకు అంత బాధ కాలేదు, ఆ చప్పట్లకు అయింది.

ఇప్పుడు నా డ్రాయింగుల కింద 'గీసినవారు' గడిలో నా పేరు, 'సరిచూసినవారు' గడిలో ఆమె పేరు. తప్పు దొరికితే అరవదు, అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి పంపుతుంది. ఇప్పటికి పదకొండు చుక్కలు. పదకొండూ న్యాయమైనవే.

పోయిన వారం సొన్నమ్మ చెప్పింది, రెబెకమ్మకు నడుం నొప్పట, ఆ చెక్క కుర్చీలో చున్నీ మడిచి వేసుకుని కూర్చుంటోందట. సోమవారం పొద్దున బీరువాలోంచి దిండు తీసి, బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం దాన్ని అట్లే ఇంటికి తెచ్చేశాను.