కల్లం దాకా ఒక టికెట్టు

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి కష్టానికీ ఒక పట్టిక ఉంటుందని, గళ్ళు సరిగ్గా గీస్తే కష్టం తనంతట తానే వాటిలో సర్దుకుంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. పాలిటెక్నిక్‌లో సివిల్ రెండో ఏడు. జేబులో రెండు రంగుల పెన్నులు, చంకలో అట్ట. మా ఊరికి పొద్దున వచ్చే ఒకే ఒక్క బస్సుకు జనం చాలడం లేదని, ఆపేస్తామని డిపో నుంచి కబురొచ్చినప్పుడు ఊరంతా నావైపే చూసింది (నిజానికి చూసింది మా పెదనాన్న ఒక్కడే). "ఒరేయ్, చదువుకున్నోడివి, ఊళ్ళో ఎంతమంది ఉన్నారో రాసియ్యరా, డిపోలో ఇచ్చొస్తా" అన్నాడు. ఆ బస్సులోనే రోజూ డిగ్రీ కాలేజీకి వెళ్ళే మా అక్క, పుస్తకానికి అట్ట వేసుకుంటూ, "బస్సు ఆగితే నా చదువూ ఆగినట్టేరా" అంది. అంతే.

మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. వీధులు కలలో వీధుల్లా ఉండేవి. తెల్లటి ఎండ, అరుగుల మీద నిద్రపోయే కుక్కలు, తలుపులకు తాళాలు. తాళం ఉన్న ప్రతి ఇంటికీ ఎర్ర పెన్నుతో 'నివాసం లేదు' అని రాశాను. మిరప కోతల కాలమది. ఊరు ఊరంతా కల్లాల్లోకి చేరి, ఎండబోసిన కాయలకు కాపలా కాస్తూ అక్కడే వండుకుని అక్కడే పడుకుంటుందని నాకు తెలియక కాదు. ఆ సంగతి రాయడానికి గడి లేదు. (మా అమ్మానాన్నలు కల్లంలో, అక్క కాలేజీలో, నేను వీధిలో ఉన్నాం కాబట్టి మా ఇంటికీ 'నివాసం లేదు' అనే రాశాను. నియమం అందరికీ ఒకటే కదా.)

కాగితం డిపోకి వెళ్ళింది. బస్సెక్కి చూడ్డానికి ఒక అధికారి వస్తున్నారని కండక్టరు చెప్పాక గానీ పెదనాన్న నా నకలు చదవలేదు. "ఏందిరా ఇది! కలరా తగిలినా ఇన్ని ఇళ్ళు మూతపడవు గదరా!" అన్నాడు. ఆ తప్పు దిద్దడానికి ఊరంతా బస్సెక్కాలని తీర్మానమైంది. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో మళ్ళీ నేనే పట్టిక వేశాను.

ఆ పొద్దున కల్లాల్లోంచి అందరూ ఊళ్ళోకొచ్చి ఎక్కడంతో బస్సు పట్టనంతగా నిండింది. ముందు సీట్లోని అధికారి వెనక్కి తిరిగి చూసి మెచ్చుకోలుగా తల ఊపారు. నా ఛాతీ ఉబ్బింది. కండక్టరు టికెట్లు మొదలుపెట్టాడు.

"ఎక్కడికి పిన్నీ?"

"కల్లం కాడికి."

"నీకు, బాబాయ్?"

"నాకూ ఆడికే. ఎండెక్కేలోపు కాయలు తిరగెయ్యాలా వద్దా?"

నా పట్టికలో ఎక్కే గడి ఉంది, దిగే గడి లేదు. నడిచిపోయే దూరానికి అందరూ టికెట్టు కొని, క్యారేజీలతో, గోనెసంచులతో కల్లం దగ్గర దిగిపోయారు. "మా వంతు అయిపోయిందిరా, ఇంక నువ్వు చూసుకో" అంటూ పెదనాన్న కూడా దిగిపోయాడు.

అధికారి, అక్క, నేను తప్ప బస్సు ఖాళీ. అధికారి నా కాగితం బయటికి తీశారు. "ఈ ఇళ్ళల్లో నివాసం లేదని రాసిందెవరు బాబూ?"

"నేనేనండి."

"మరి ఇప్పుడు దిగినవాళ్ళెవరు?"

నేను నోరు తెరిచేలోపు అక్క లేచింది. "ఆ తాళాల ఇళ్ళవాళ్ళేనండి. ఇంకో నెల్రోజులు ఊరు ఇక్కడే ఉంటది. కాయలు మార్కెట్ యార్డుకి పోయాక మళ్ళీ ఇళ్ళకి వచ్చిద్ది. మీరు ఈలోపు బస్సు తీసేస్తే నేను కాలేజీ మానుకోవాలండి."

ఆయన కిటికీలోంచి చూశారు. కనుచూపుమేరా ఎరుపు. పల్చటి మంచులో మా ఊరంతా ఆ ఎరుపు మీద నడుం వంచి కాయలు తిరగేస్తోంది. ఘాటు గాలికి ఆయన రెండుసార్లు తుమ్మి, నా ఎర్ర పెన్ను అడిగి తీసుకుని, 'నివాసం లేదు' అన్నవన్నీ కొట్టేసి, 'కల్లంలో ఉన్నారు' అని రాశారు.

బస్సు ఆగలేదు. పైగా మిరప కాలంలో కల్లం దగ్గర స్టాపు కూడా వచ్చింది. అక్క ఇప్పుడు చీరాలలో పాఠాలు చెబుతోంది. నేను సింగరాయకొండ దగ్గర హైవే పక్కన కుర్చీ వేసుకుని, పోయే బళ్ళను లెక్కపెట్టే ఉద్యోగం చేస్తున్నాను. బస్సు పోతే చేతిలోని లెక్క యంత్రం మీట ఒక్కసారి నొక్కాలి. లోపల ఎవరున్నారో, ఎక్కడ దిగుతారో రాసే గడి మా పట్టికలో ఇప్పటికీ లేదు. నొక్కి, తన ఇంటి తాళం ముందే ఎర్ర పెన్ను పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటూ కాసేపు అలాగే చూస్తుండిపోతాను. ఈలోగా రెండు లారీలు లెక్క తప్పిపోతాయి.